‘బండలు తప్ప ఏముంది?’ అనేవారికి

వారాంతపు యాత్రారచన అనే ప్రక్రియ ఒకటి తెలుగులో స్థిరపడిపోయింది. దానికి లక్షణగ్రంథం ఎవరూ రాయలేదు గానీ లక్షణాలు అందరికీ తెలిసినవే. శుక్రవారం సాయంత్రం మాంచెస్టరు నుంచో, బర్మింగ్‌హాము నుంచో కారు బయలుదేరుతుంది. దారిలో పులిహోర డబ్బా మూత తీస్తారు. శనివారం ఉదయం విండర్‌మియరు, మధ్యాహ్నం పడవ షికారు, సాయంత్రం గ్రాస్‌మియరులో వర్డ్స్‌వర్త్ సమాధి, ఆ పక్కనే అల్లం బిస్కట్ల దుకాణం. ఆదివారం మరొక సరస్సు, ఒక జలపాతం, నలభై ఫొటోలు. చివర తప్పనిసరిగా ఒక నిట్టూర్పు: ఇంతటి సౌందర్యం మన దేశంలో ఏదీ? ఈ ఫలశ్రుతి లేనిదే ఆ రచన పూర్తి కాదు.

మొన్న మా పూర్వవిద్యార్థి ఒకడు అటువంటి రచనే పంపాడు. భాష శుద్ధంగా ఉంది. ద్రుతాన్ని ఎక్కడ నిలపాలో ఎక్కడ వదలాలో వాడు మరిచిపోలేదు, అందుకు సంతోషించాను. ఆఖరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ‘మన అనంతపురంలో బండలు తప్ప ఏముంది సార్?’ అన్నాడు. ఈ మాట వాడొక్కడిదీ కాదు. బెంగుళూరులో స్థిరపడినవాడూ, హైదరాబాదు నుంచి పండక్కి వచ్చేవాడూ, ఆ మాటకొస్తే చెరువు కట్టమీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడూ అనే మాటే. అందుచేత జవాబు వాడికొక్కడికే ఉత్తరంగా రాయడం కంటే అందరి ఎదుటా చెప్పడం మేలనిపించింది.

ఆ సీమను చూడకుండా నిందిస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. కొన్నేళ్ల క్రిందట మా అబ్బాయి దగ్గర మాంచెస్టరులో ఉన్నప్పుడు నేనూ ఆ రెండు రోజుల యాత్ర చేసినవాణ్ణే. విండర్‌మియరు ఇంగ్లండులోకెల్లా పెద్ద సరస్సు. పొడవు సుమారు 17 కిలోమీటర్లు, వెడల్పు తక్కువ. తెల్లవారుజామున మబ్బు కొండ మీదినుంచి దిగి, నీటిని తాకి, మళ్లీ లేచి వెళ్లిపోవడం చూశాను. ఆ దృశ్యాన్ని అందం కాదనడానికి నాకు నోరు రాదు. రెండు రోజులూ వాన పడుతూనే ఉంది. ఆ ప్రాంతంలో సీత్‌వెయిట్ అనే కుగ్రామంలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. మన అనంతపురం సగటు 550 దరిదాపు. అంటే మనకు ఏడాది పొడుగునా కురిసేది వారికి రెండు నెలల వాన. మా ఇంటావిడ గొడుగు కింద నిలబడి, ఇందులో సగం మన బుడ్డల చేలమీద పడకూడదా అన్నది. నేను చదివిన యాత్రారచనలన్నిటిలోనూ ఇంత మంచి వాక్యం లేదు.

ఇప్పుడు విషయంలోకి వస్తాను. ఆ కొండలూ సరస్సులూ ఎప్పటినుంచో ఉన్నవే, కానీ అవి అందమైనవని ఆంగ్లేయులకు ఎప్పటినుంచో తెలియదు. రాబిన్సన్ క్రూసో రాసిన డానియల్ డీఫో 1720ల నాటి తన దేశసంచార గ్రంథంలో ఆ సీమను ఇంగ్లండు మొత్తంలో అత్యంత భయంకరమైన బీడుభూమిగా వర్ణించాడు. ఆ కొండలను చూసి ఆయన బెదిరిపోయాడు. బండలు తప్ప ఏముంది అన్న ప్రశ్న అక్కడా పుట్టిందన్నమాట, అదీ మూడు వందల ఏళ్ల క్రిందట!

మరి ఆ భయంకరం రమణీయంగా ఎప్పుడు మారింది? కొండ మారలేదు, కన్ను మారింది. 1769లో థామస్ గ్రే అనే కవి అక్కడికి వెళ్లాడు. వెంట ఒక చిన్న నల్లటి కుంభాకారపు అద్దం తీసుకుపోయాడు. క్లాడ్ అద్దం అనేవారు దానిని, క్లాడ్ అనే చిత్రకారుడి పేరుమీద. సరస్సుకు వీపు పెట్టి నిలబడి, ఆ అద్దంలో కనిపించే ప్రతిబింబాన్ని పటంలాగా చూసి ఆనందించాలి. గ్రే మహాశయుడు అద్దం చేతపట్టుకుని నడుస్తూ ఒకచోట పడి వేళ్ల కణుపులు గాయపరచుకున్నాడు కూడా. సరస్సుకు వీపు పెట్టి చేతిలోని అద్దంలో చూసుకునే అలవాటు నేటిదే అనుకునేవారు ఈ సంగతి గమనించాలి. 1778లో థామస్ వెస్ట్ అనే ఆయన ఎక్కడ నిలబడి ఏ దిక్కుకు చూడాలో చెబుతూ మార్గదర్శిని ప్రకటించాడు. తరువాత వర్డ్స్‌వర్త్ వచ్చాడు. ఇట్లా వంద ఏళ్లపాటు ఒక జాతి తన కంటికి చదువు చెప్పుకున్నది. మనవాళ్లు రెండు రోజుల్లో చూసి వచ్చేది ఆ చదువు ఫలితాన్ని.

ఇంకొక విడ్డూరం. ఆ కొండల మీద చెట్లు తక్కువ. వందల ఏళ్లుగా గొర్రెలు మేసి మేసి బోడి చేసిన కొండలవి. హెర్డ్‌విక్ అనే ముతక బొచ్చు గొర్రె అక్కడి ప్రసిద్ధ జాతి. బోడి కొండ, దాని వాలున గొర్రెలు, చేతికర్రతో కాపరి. ఈ దృశ్యం కంబ్రియాలో కనబడితే మనవాడు ‘ప్రశాంత గంభీర సౌందర్యం’ అని రాస్తాడు. ఇదే దృశ్యం రాయదుర్గం దారిలో, కురుబ కాపరి గొంగడి కప్పుకుని నిలబడగా కనబడితే ‘కరవు’ అంటాడు. పచ్చిక ఉన్నదీ లేనిదీ తేడా అంటారేమో. ఆ తేడా వానది. దానికి ఆ దేశస్థుల గొప్పతనమూ లేదు, మన లోపమూ లేదు.

వారి గొప్పతనం వేరొకచోట ఉంది. యాత్రారచనలు దాన్ని ముట్టుకోవు.

గ్రాస్‌మియరు నుంచి కెజిక్ పట్నానికి పోయే దారిలో థర్ల్‌మియరు అనే సరస్సు వస్తుంది. మా అబ్బాయి కారు ఆపి ఫొటో తీశాడు. ఇది చెరువురా అబ్బాయీ, అన్నాను. వాడు నమ్మలేదు. మాంచెస్టరు మిల్లులకూ ఇళ్లకూ నీళ్లు చాలక 1879లో చట్టం చేయించుకుని, అక్కడ ఉన్న చిన్న సరస్సుకు అడ్డంగా కట్ట వేసి, నీటిమట్టం పెంచి, సుమారు 150 కిలోమీటర్ల కాలువ తవ్వి 1894లో నీళ్లు పట్టుకుపోయారు. వాడు మాంచెస్టరు ఇంట్లో కొళాయి తిప్పి తాగే నీళ్లలో అవీ ఉన్నాయి. దానికి మునుపు పెద్ద పోరాటం జరిగింది. థర్ల్‌మియరు రక్షణ సంఘం అని పెట్టి దేశమంతా చందాలు పోగుచేశారు. రస్కిన్ వంటివారు నోరెత్తారు. ఓడిపోయారు. ఆ ఓటమి వారికి పాఠమయింది. 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, కేనన్ రాన్స్‌లీ అనే ముగ్గురు కలిసి నేషనల్ ట్రస్టు స్థాపించారు. 1902లో డెర్వెంట్‌వాటరు ఒడ్డున బ్రాండెల్‌హౌ అనే భూమిని జనం చందాలతో కొని అందరిదీ చేశారు. మిల్లు కూలీలు తమ కూలిలోంచి ఒకటి రెండు షిల్లింగులు పంపారు. పిల్లల కథలు రాసిన బియాట్రిక్స్ పాటర్ 1943లో చనిపోతూ 4,000 ఎకరాలకు పైగా ఆ ట్రస్టుకు రాసిపోయింది. 1951లో జాతీయోద్యానమయింది. యునెస్కో గుర్తింపు వచ్చింది 2017లో.

వర్డ్స్‌వర్త్ సంగతి మరిచిపోలేదు. 1844లో విండర్‌మియరుకు రైలు వేస్తామంటే ఆయన పత్రికకు ఘాటైన లేఖలు రాసి అడ్డుకోబోయాడు. 1847లో రైలు వచ్చేసింది. ఆ లేఖల్లో ఒక ముక్క నాకు బొత్తిగా రుచించదు: చదువులేని కూలివాళ్లకు ఈ అందాన్ని ఆస్వాదించే సంస్కారం ఉండదు, వారిని రైళ్లలో తెచ్చి దింపినందువల్ల ప్రయోజనం లేదని ఆయన భావం. బ్రాండెల్‌హౌకు షిల్లింగులు పంపిన కూలీలు ఆ మహాకవికి జవాబు చెప్పేశారు. అయినా పోట్లాడినందుకు ఆయనకు నమస్కారం.

ఆ లోయలను మంచునదులు తొలిచాయి, నిజమే. తొలిచినదాన్ని నిలబెట్టింది మాత్రం ఈ పోట్లాటే. అది ఈనాటికీ ఆగలేదు. ఇటీవలి ఏళ్లలో విండర్‌మియరులోకి మురుగునీరు వదులుతున్నారని అక్కడివారు వీధుల్లోకి వచ్చారు. మనవాళ్లు అక్కడినుంచి ఫొటోలు తెస్తున్నారు, అల్లం బిస్కట్లు తెస్తున్నారు. ఆ పోట్లాటను ఒక్కడూ సంచిలో పెట్టుకుని తేలేదు.

ఇక్కడ చరిత్రలోని ఒక యాదృచ్ఛికాన్ని చెప్పకుండా ఉండలేను. వర్డ్స్‌వర్త్ తన చెల్లెలితో గ్రాస్‌మియరు చేరింది 1799 డిసెంబరులో. నిజాము మన సీమను కుంపిణీకి దత్తం చేసింది 1800లో. ఆయన కొలని ఒడ్డున నడుస్తూ పద్యాలు కట్టుకుంటున్న ఏళ్లలోనే తామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి శిస్తు లెక్కలు కట్టుకుంటున్నాడు. కవిగారి తమ్ముడు జాన్ కుంపిణీ ఓడకు కప్తాను. వంగదేశంతో, చీనాతో వ్యాపారం చేసి డబ్బు సంపాదించి అన్నను నిశ్చింతగా కూర్చోబెట్టాలని అతడి కోరిక. అన్నాచెల్లెళ్లు ఆ వ్యాపారంలో పెట్టుబడి కూడా పెట్టారు. 1805 ఫిబ్రవరిలో ఓడ మునిగి జాన్ చనిపోయాడు. ఇందువల్ల ఆయన కవిత్వం చెడ్డదైపోదు. ఆ కొలని ప్రశాంతికీ మన దేశపు వర్తకానికీ మధ్య ఒక దారం ఉందని మాత్రం తెలుసుకోవాలి.

ఇక మన బండల సంగతి.

అనంతపురం అన్న పేరు ఎక్కడిది? చెరువు పేరు. బుక్కరాయల కాలంలో ఆయన మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించి, కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరొక కొసన రాణి అనంతమ్మ పేరిట అనంతసాగరం అని రెండు ఊళ్లు కట్టించాడని స్థానిక చరిత్ర. ఒకటి సముద్రం, ఒకటి సాగరం! 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, కడలికి ఇంత దూరంలో, చెరువుకు సముద్రమని పేరు పెట్టుకున్నవారి గుండె ధైర్యం ఎంతటిదో ఆలోచించండి. చిత్రావతి మీద బుక్కపట్నం చెరువు, దాని దిగువన ధర్మవరం చెరువు, ఇవతల శింగనమలలో శ్రీరంగరాయల చెరువు. 2022లో జిల్లా రెండుగా చీలాక బుక్కపట్నం, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. నీటికి ఆ సంగతి తెలియదు.

ఈ చెరువులను మంచునదులు తొలచలేదు, మనుషులు కట్టారు. ఎట్లా కట్టాలో శాస్త్రం కూడా రాసుకున్నారు. మన పక్క కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అందులో చెప్పారు. గట్టి నేల కావాలి, దూరంనుంచి వచ్చే తీయని నీటి ఏరు కావాలి, జలశాస్త్రం తెలిసినవాడు కావాలి. అన్నిటికంటె నన్ను ఆకట్టుకున్నది కొండ. రెండు కొండకొమ్ముల నడుమ రాతికట్ట నిలవాలి. కొండ లేనిదే చెరువు లేదు. మధ్యలో తాబేటి వీపులా మిట్ట ఉండడం, కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల కావడం దోషాలు. ఆ చెరువుకు రోజుకు వెయ్యిమంది కూలీలు, నూరు బళ్లు, రెండేళ్లు పట్టిందని కూడా శాసనమే చెబుతుంది. ఆ కూలీల లెక్క రాతిమీద ఎక్కించినందుకు ఆ రాజకుమారుడంటే నాకు గౌరవం. కొండలూ కొలనులూ కలిసిన సీమ అని పరదేశాన్ని వర్ణిస్తారే, ఆ కలయికను చేతులతో సాధించిన సీమ ఇది.

ఆంగ్లేయులకు సరస్సు కవులున్నారు. మనకు చెరువు కావ్యం ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి గారు 1899లో విద్యార్థిగా ఉండగా రాసిన ‘ముసలమ్మ మరణము’. బ్రౌను దొర ప్రకటించిన అనంతపుర చరిత్రలోని చిన్న ఉదంతం దానికి మూలం. వానలకు బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంది. బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తే తప్ప కట్ట నిలవదని వాక్కు పుడుతుంది. చంటిబిడ్డ తల్లి ఆమె. నడిచి వెళ్లి గండిలో నిలబడుతుంది. ఆధునిక తెలుగు కవిత్వానికి తొలి అడుగు ఇదేననేవారున్నారు, గురజాడ పక్షంవారు ఒప్పుకోరు, ఆ తగవు ఇక్కడ వద్దు. ఆ బలిని కూడా నేను కీర్తించను. ఊరంతటి గండికి ఇంటి కోడలు సమాధానం కావడం ఏ ధర్మమో బసిరెడ్డినే అడగాలి. నేను చూపదలచినది ఒకటే. వారి కవికి కొలను కనుపండువ. మన కవికి చెరువు ప్రాణసంకటం. ఈ రెండో రకం చూపును మనం మన పిల్లలకు నేర్పలేదు. ముప్ఫై ఏళ్లు బడిలో పనిచేసినవాణ్ణి కనుక చెప్పగలను: పిల్లలకు డాఫోడిల్ పూలంటే తెలుసు, ఆ పువ్వు ఒక్కటీ చూడకపోయినా. చెరువుకు మరువ ఎందుకుంటుందో అడిగితే తరగతిలో ముగ్గురు చేతులెత్తేవారు, ఆ ముగ్గురూ రైతుల పిల్లలే.

ఇట్లా కంటికి చదువు లేకపోయేసరికి ఏం జరిగింది? చెరువు ఖాళీ స్థలంగా కనబడింది. నీళ్లు లేని ఏడు దాన్ని నేల అన్నారు, నేల అన్నాక పట్టా అన్నారు. పూడిక తీసేవాడు లేక సర్కారు కంప మొలిచింది. పూర్వం చెరువు కట్టించినవాడికీ, మరమ్మతు చేసేవాడికీ దశబంధ ఇనామని మాన్యం ఉండేది. ఆ ఏర్పాటు కుంపిణీ కాలంనుంచే సడలిపోయింది. తరువాత వచ్చిన మన ప్రభుత్వాలు దాని స్థానంలో ఏమి పెట్టాయి? కాంట్రాక్టును పెట్టాయి. వంకలు పూడ్చి ఇళ్లు కట్టారు. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. కరవు జిల్లాలో పడవలు వేసుకుని జనాన్ని తరలించారు. నీరు దారి మరిచిపోలేదు, మనమే దాని దారిలో మంచాలు వేసుకున్నాం.

దీనికి విరుగుడుగా ‘సుందరీకరణ’ అని ఒకటి బయలుదేరింది. ప్రతి ఊరికీ హైదరాబాదు ట్యాంక్‌బండు కావాలి. కట్టమీద రంగుల దీపాలు, సిమెంటు జింక, ఊరిపేరు రాసిన పెద్ద అక్షరాలు, వాటి ముందు ఫొటోలు. తూము పూడిపోయి ఉంటుంది, కట్టకు పగులు ఉంటుంది, మరువ కింద ఎవడో ప్రహరీ కట్టి ఉంటాడు. జింకకు మాత్రం ఏటా రంగు వేస్తారు. విండర్‌మియరు ఒడ్డున చూసి వచ్చిన అందాన్ని ఇక్కడ దించుతున్నామని వీరి భ్రమ. థర్ల్‌మియరు కథ వీరికి ఎవరైనా చెప్పాలి.

నీళ్లే లేని చెరువుకు ఇంత వాదమా అని అడిగేవారున్నారు. నీళ్లు రావని ఎవరన్నారు? హంద్రీ–నీవా కాలువలో కృష్ణ నీరు 2012లో జీడిపల్లికి చేరింది. ఆ నీరు వచ్చే నాటికి నిలవడానికి చెరువుండాలి గదా. అదిగాక, ఎండిన చెరువు కూడా చెరువే. హాస్‌వాటరు అనే సరస్సును జలాశయంగా మార్చినప్పుడు మార్డేల్ అనే ఊరు మునిగింది. అనావృష్టి ఏళ్లలో దాని గోడలు బయటపడితే చూడడానికి జనం బారులు తీరతారు. వాళ్లకు ఎండిన సరస్సు యాత్రాస్థలం.

చూపు మనవాళ్లకు పుట్టుకతోనే లేదని నేను అనను. చిలమత్తూరు మండలం వీరాపురం వెళ్లండి. ఎర్రకాళ్ల కొంగలు ఏటేటా వచ్చి ఊరి చెట్లమీద గూళ్లు కడతాయి. (సైబీరియా కొంగలని పత్రికలు రాస్తుంటాయి, అవి మన దేశపు పక్షులే.) ఊరివాళ్లు ఆ కొమ్మ నరకరు, పిట్టను కొట్టనివ్వరు. వాళ్లకు ట్రస్టు లేదు, మార్గదర్శిని లేదు, కవి లేడు.

కాబట్టి నాయనా, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబుగా ఒక యాత్రాక్రమం రాస్తున్నాను. ఈసారి సెలవులో వచ్చినప్పుడు పాటించు. మొదటిరోజు పొద్దున ఆరింటికి బుక్కరాయసముద్రం కట్టమీద ఈ కొస నుంచి ఆ కొసకు నడువు. ముసలమ్మ కట్ట దగ్గర ఆగి, గండి ఎక్కడ పడి ఉంటుందో నీ ఇంజనీరింగు చదువుతో చెప్పు. ఎండ ముదిరేలోగా శింగనమల చేరు. రెండోరోజు పెనుకొండ ఎక్కు, దిగి బుక్కపట్నం వెళ్లి కొండలు చెరువులోకి ఎట్లా దిగుతున్నాయో చూడు. కంపలో నడవాలి, బూట్లు వేసుకో. ఫొటోలు తీసుకో, నేను వద్దనను. అయితే వీటన్నిటికీ ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ ఊరి చెరువు విస్తీర్ణం పాత రికార్డులో ఎన్ని ఎకరాలో, ఈనాడు ఎన్ని మిగిలాయో తహసీల్దారు కార్యాలయంలో అడిగి నకలు తీసుకోవాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. ఆ కార్యాలయం శని, ఆదివారాల్లో తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. శుక్రవారం పొద్దునకే వచ్చేయి.